ముయెకు చెప్పని మాట

జగదల్‌పూర్,
ఆగస్టు 7, 2011

అన్నయ్యకు, వదినకు,

ప్రభువు కాపుదలలో మీరిద్దరూ క్షేమమని తలుస్తూ మీ రత్నం రాస్తున్నది.

ఈ ఉత్తరం భూషణం గారి చేతికిస్తున్నాను. కిరండూల్ పాసింజరుకు ఆయన గార్డుగా ఉన్నంతకాలం నాకు పోస్టాఫీసుతో పని లేదు. నువ్వు మాస్టరుగా ఉన్న ఆ స్టేషన్‌కు సెల్‌ఫోన్ సిగ్నల్ వచ్చేలోపు నీకు రిటైర్మెంటు వచ్చేలా ఉంది.

ఈ ఏడాది మా కాలేజీలో మూడో సంవత్సరం పిల్లలకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే పని నాకిచ్చారు. అదేమిటని నువ్వు అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నా. కంప్యూటరు మీట నొక్కగానే, తెర మీద మనకేదీ కనపడకముందే, లోపల ఒక ప్రోగ్రాము నిద్ర లేస్తుంది. ఏ పని ముందు, ఏది తరవాత, ఎవరికి ఎంత చోటు, ఎవరి సామాను ఎక్కడ దాచాలి, అన్నీ అదే చూసుకుంటుంది. నేను చదివినప్పుడు ఈ పాఠం మొత్తం మాకు డిక్టేషన్ చెప్పారు. కంఠతా పట్టి రాశాను, మార్కులొచ్చాయి, టీచర్నయ్యాను. దాని లోపల ఎలా ఉంటుందో మాత్రం ఒక్కసారీ చూడలేదు. గట్టు మీద కూర్చుని ఈత పాఠం విన్నట్టే అయింది.

అందుకని ఈసారి పిల్లల్ని నీళ్ళలోకి దింపాను. ఇద్దరిద్దరు ఒక జట్టు. నవంబరు ఆఖరుకల్లా ప్రతి జట్టూ ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి వరుస నుంచి సొంతంగా రాసి, నడిపించి చూపాలి. మా హెచ్‌ఓడీ గారికి ఇది నచ్చలేదు. పరీక్ష ప్రశ్నలు గైడులోంచి వస్తాయనీ, పిల్లలు తప్పితే జవాబు నేనే చెప్పుకోవాలనీ అన్నారు. సరేనన్నాను.

క్లాసులో ముయె అని, ఆంధ్ర సరిహద్దున పామేడు వైపు దొర్ల తెగ పిల్ల ఉంది. హిందీ తడబడుతుందని నోరే విప్పేది కాదు. ఒకరోజు ల్యాబులో తనలో తను "ఏందిది, ఇట్ల జేస్తాంది" అని గొణుక్కుంటుంటే విన్నాను. తెలుగు వినపడేసరికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ రోజు నుంచి నన్ను మేడం అనడం మానేసి అక్కా అంటోంది. మిగతా జట్ల కంప్యూటర్లు మీట నొక్కితే 'వెల్‌కమ్' అంటున్నాయి. ముయె, దాని జతగత్తె కమ్లీ రాసినది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో 'ఏంది?' అని అడిగి, మనం ఏం చెబుతామా అని ఎదురు చూస్తుంది.

ముయె మేనమామ జోగ గీదం దగ్గర రైలు పట్టాల పనిలో ఉన్నాడట. నీకు తెలుసా?

నీ చెల్లి,
రత్నం

*

స్టేషన్ క్వార్టర్, గీదం దగ్గర,
ఆగస్టు 22, 2011

చెల్లి రత్నానికి,

వానకు ఎటూ కదలలేక తీరుబడిగా కూర్చున్న అన్నయ్య యేసుపాదం రాసేది.

నీ ఉత్తరం వదినకు చదివి వినిపించాను. ఏది ముందు, ఏది తరవాత, ఎవరికి ఎంత చోటు అన్న దగ్గర ఆపి, "అయితే మీ చెల్లెలు అక్కడ స్టేషన్ మాస్టర్లను తయారుచేస్తోందన్నమాట" అంది. నాకంతకన్నా ఏమీ అర్థం కాలేదు. హెచ్‌ఓడీతో మాత్రం పెట్టుకోకు. నీది ఇంకా కాంట్రాక్టు ఉద్యోగమే.

ఇక్కడ ఘాట్‌లో మట్టి జారి ఇనుప ఖనిజం బళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా స్టేషన్ పక్క లైను లూపులో ఒకటి నిలబడి ఉంది. వాన నీరు దాని మీదనుంచి కారి ప్లాట్‌ఫారం అంతా ఎర్రగా ఉంది. వదిన ఆదివారం గుడికి కట్టే తెల్లచీర కూడా అదే రంగుకు వచ్చింది.

జోగ మా సెక్షన్ గ్యాంగులోనే ఉన్నాడు. పట్టాల కింద కంకర సర్దుతాడు. మంచివాడే గానీ నోట్లోంచి మాట రాదు. మొన్న కాలి మీద పట్టాల కింది స్లీపరు దిమ్మ అంచు తగిలి రక్తం కారుతుంటే అడిగాను. "ఏం లేదు సారు" అన్నాడు. నీ శిష్యురాలి పేరెత్తగానే మాత్రం ముఖం విప్పారింది. దాని తల్లి హిడ్మే ఇతనికి అక్క. మగడు పోయాక ఇప్పపూవు, చింతపండు ఏరి అమ్ముకుని కూతురిని చదివిస్తోందట. ఊళ్ళో అంత చదువు చదివిన పిల్ల ఇదొక్కతేనట.

పిల్ల బాగా చదువుతోందని జోగతో చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

నీ అన్నయ్య

*

జగదల్‌పూర్,
అక్టోబరు 16, 2011

అన్నయ్యకు,

దసరా సెలవుల్లో నేనెందుకు రాలేదని వదిన అలిగిందని భూషణం గారు చెప్పారు. ల్యాబు తెరిచి ఉంచాను, అందుకే. ఇళ్ళకు వెళ్ళని పిల్లలు వచ్చి పని చేసుకున్నారు. ఊరంతా రథం చూడటానికి పోతే మేము కిటికీలు మూసుకుని కూర్చున్నాం, డప్పులకు మాట వినపడటం లేదని.

ముయె అన్నిటికన్నా కష్టమైన భాగం తీసుకుంది. మెమరీ. ప్రతి ప్రోగ్రామూ నాకింత చోటు కావాలని అడుగుతుంది. ఇవ్వాలి. దాని పని అయిపోగానే ఆ చోటు వెనక్కి తీసుకుని ఇంకొకదానికివ్వాలి. చెప్పడానికి ఇంతే. ఒకరి చోటులో ఇంకొకరు కాలు పెట్టినా, తీసుకోవలసినది తీసుకోకపోయినా మొత్తం కూలిపోతుంది. ఎందుకు కూలిందో మెషీను చెప్పదు. కూర్చుని వెతుక్కోవాలి.

అన్నయ్యా, ఆ పిల్ల వెతకడం నువ్వు చూడాలి. తిట్టుకోదు, విసుక్కోదు. కాగితం మీద గడులు గీసి చింతగింజలు పరిచి ఏ గింజ ఎవరిదో చూసుకుంటుంది. ఏనాడో కంఠతా పట్టిన పాఠం నాకు దాని పక్కన కూర్చున్నాకే అర్థమవుతోంది. దాన్ని పై చదువుకు పంపాలని ఉంది. హైదరాబాదులో తెలిసినవాళ్ళకు రాశాను కూడా.

ఇద్దరు పిల్లలు పండగకని ఊరెళ్ళి తిరిగి రాలేదు. ఒకడికి ఇంట్లో పొలం పని, ఒకమ్మాయికి పెళ్ళి. ప్రతి ఏడూ ఇలాగే జరుగుతుంది. ఈసారి ఇంకెవరినీ పోనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

వదినను బుజ్జగించు.

రత్నం

*

స్టేషన్ క్వార్టర్,
నవంబరు 6, 2011

చెల్లికి, శుభములు.

ఈసారి ముఖ్యమైన సంగతి రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు. వాల్తేరు లోకో షెడ్డులో ఇంజనీరు ఒకతను ఉన్నాడు. మన సంఘమే. భార్య పోయింది, పిల్లలు లేరు. అబ్బాయి నెమ్మదస్తుడని పాస్టరు గారి మాట. నీకూ ముప్ఫై నాలుగు నిండుతున్నాయి. వద్దని ముందే అనకు. క్రిస్మస్‌కు వాళ్ళు జగదల్‌పూర్ మీదుగా వస్తారు. ఒక్కసారి కూర్చుని మాట్లాడితే పోయేదేముంది? అమ్మ ఉంటే ఇదే అడిగేది.

వదినకు పన్ను పీకించాను. ముఖం వాచి గంజి తాగుతోంది. రాత్రి బళ్ళు మళ్ళీ ఆపేశారు. నక్సలైట్లు పట్టాలు పీకేస్తారేమోనని పై నుంచి ఆర్డరు.

ఇంకొకటి. జోగ నిన్న వచ్చి అడిగాడు, కొత్త పంట తినే కొత్తల పండక్కి ముయె ఇంటికి పోతుందా అని. వాళ్ళక్కకు జ్వరంగా ఉందట, పడుతూ లేస్తూ ఉందట, కూతురిని తలుచుకుంటోందట. ఎక్కువగా ఉందా అంటే "ఏం లేదు సారు" అన్నాడు. ఈ కాలంలో ఆ వైపు జ్వరం లేని ఇల్లుండదు కదా. వీలు చూసి ఒక మాట ఆ పిల్ల చెవిన వెయ్యి.

సంబంధం సంగతి మాత్రం తప్పక జవాబు రాయి.

యేసుపాదం

*

జగదల్‌పూర్,
నవంబరు 10, 2011

అన్నయ్యా,

సంబంధం వద్దు. క్రిస్మస్‌కు ఎవరినీ రమ్మనకు. నా వయసు నాకు తెలుసు. ప్రతి ఉత్తరంలో అమ్మను సాక్ష్యానికి పిలవకు.

ముయె పండగకు రాదని జోగతో చెప్పు. డెమో అవగానే ఈ నెలాఖరుకు తనే వస్తుంది. దాని సిస్టమ్ కాసేపు చక్కగా నడిచి ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఎక్కడో చోటు వెనక్కి రావడం లేదు. వారంగా దాని వెంటే పడింది, దగ్గరికి వచ్చేసింది కూడా. ఇప్పుడు పండగని, ఇల్లని మనసు చెదరగొట్టడం నాకిష్టం లేదు. ఇప్పుడు కదిలితే మళ్ళీ రాదేమోనని నా భయం.

భూషణం గారు బయట నిలబడి ఉన్నారు. ఇంతే.

ర.

*

జగదల్‌పూర్,
నవంబరు 19, 2011

అన్నయ్యా,

పోయినసారి కటువుగా రాశాను. వదిన పన్ను సంగతి కూడా అడగలేదు. క్షమించు. ఈ రోజు మంచి వార్తతో రాస్తున్నాను.

ముయెకు దొరికింది. ప్రోగ్రాము మామూలుగా ముగిస్తే చోటు వెనక్కి వస్తోంది. మధ్యలో ఆపేస్తే రావడం లేదు. అలా కొంచెం కొంచెంగా మెమరీ అంతా చచ్చిన చోటైపోయి, మెషీన్ ఊపిరాడక నిలబడిపోతోంది. పొద్దున సరిచేసింది. భోజనాల వేళ నుంచి సాయంత్రం దాకా ఆపకుండా నడిపించాం. ఆగలేదు. మిగతా జట్లన్నీ చుట్టూ మూగాయి. కమ్లీ కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది. ముయె మాత్రం తెరనే చూస్తూ, "ఇగ ఆగదక్కా. ఎంతసేపున్నా ఆగదు" అంది. అది నవ్వడం నేను చూసింది ఇదే మొదటిసారి.

వచ్చే వారం డెమో. ఆ మర్నాడే బండెక్కిస్తాను. స్వయంగా వెంట వచ్చి వాళ్ళమ్మను చూడాలనుంది. ఇలాంటి కూతురిని కన్నందుకు ఆమెకు ఒక మాట చెప్పాలి.

ప్రేమతో,
రత్నం

*

స్టేషన్ క్వార్టర్,
నవంబరు 19, 2011

రత్నం,

భూషణం గారిని కాలేజీకే వచ్చి ఇవ్వమన్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

జోగ అక్క హిడ్మే పోయింది. వాళ్ళ ఊరి మనిషి పొజ్జా అని ఒకతను ఈ పొద్దున వచ్చి చెప్పాడు. జ్వరం తలకెక్కితే మంచం మీద వేసుకుని చెర్ల ఆస్పత్రికి మోసుకుపోయారట. దారిలోనే అయిపోయింది. ఊరికి తిరిగి తీసుకొచ్చి మట్టి చేసి కూడా కొన్ని రోజులైంది. కూతురికి కబురందింది, వస్తుంది అని ఆఖరిదాకా అనుకున్నదట. కబురందిందని వాళ్ళకు చెప్పి పంపింది జోగ. జోగకు చెప్పింది నేను. నాకు రాసింది నువ్వు.

ఆ పిల్లను వెంటనే పంపించు. జోగ ఆగలేక వెళ్ళిపోయాడు. గీదంలో నేను కలుసుకుని బస్సెక్కిస్తాను.

యేసుపాదం

*

జగదల్‌పూర్,
నవంబరు 23, 2011

అన్నయ్యా,

ముయె ఈపాటికి నిన్ను కలిసి ఉంటుంది. ఎలా ఉందో రాయి.

నీ ఉత్తరం అందేసరికి అది ల్యాబులోనే ఉంది. బయటికి పిలిచి చెప్పాను. తరవాత, "జొరమని మీకు ఎప్పుడు తెలిసింది అక్కా?" అని అడిగింది. అబద్ధం చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. ముందే తెలుసన్నాను. లోపలికి వెళ్ళింది. చేస్తున్న పని సేవ్ చేసి, మెషీన్ ఆపి, గుడ్డ కప్పి, చెప్పులు వేసుకుని హాస్టలుకు వెళ్ళిపోయింది. స్టేషన్‌కు వస్తానంటే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

నేను పండగ సంగతనుకున్నాను అన్నయ్యా. నువ్వు రాసింది పెళ్ళి గురించి. పన్ను గురించి. ఒక మనిషి ప్రాణం మీదికొస్తే అది ఉత్తరం అడుగున రాసే సంగతేనా? నీ టేబులు మీద కంట్రోల్ ఫోను ఉంది. జగదల్‌పూర్ స్టేషన్‌కు ఒక్క మాట చెప్పి ఉంటే ఎవరో ఒకరు కాలేజీకి వచ్చేవారు. జోగ "ఏం లేదు" అంటే ఏదో ఉందని నువ్వే నాకు చెప్పావు. అయినా నమ్మావు.

రత్నం

*

స్టేషన్ క్వార్టర్,
నవంబరు 27, 2011

రత్నానికి,

పిల్ల వచ్చింది. వదిన అన్నం పెడితే కంచం ముందు కూర్చుంది గానీ చెయ్యి కడగలేదు. గీదంలో సుక్మా బస్సెక్కించాను. అక్కణ్ణించి కుంట, భద్రాచలం, చెర్ల, తరవాత నడక. తల్లిని మంచం మీద మోసిన దారే. భద్రాచలం దాకా తోడుకు మా గ్యాంగు మనిషిని పంపాను.

ఇక నువ్వు రాసిన దానికి. కంట్రోల్ ఫోను బళ్ళ కోసం. అయినా చేయవచ్చు, చేయలేదు. జ్వరమే కదా అనుకున్నాను. ఆ తప్పు నాది, ప్రార్థనలో ఒప్పుకుంటున్నాను. కానీ నేను నీకు అడుగున రాసినా రాశాను. ఒక మాట ఆ పిల్ల చెవిన వెయ్యమన్నాను. నీకు ఫోను అక్కర్లేదు, బండి అక్కర్లేదు. అది నీ పక్క కుర్చీలోనే ఉంది. తిరిగి రాదేమోనని నీ భయమన్నావు. అది తిరిగి రాకపోతే నష్టం ఎవరికి, దానికా, నీకా?

ఇంతకన్నా రాస్తే ఇంకా పెద్దమాటలు వస్తాయి. కొన్నాళ్ళు రాయను.

యేసుపాదం

*

జగదల్‌పూర్,
డిసెంబరు 18, 2011

అన్నయ్యా,

నువ్వు రాయనన్నావు. నేను రాస్తున్నాను. చదవాలనిపిస్తే చదువు.

నీ మాట నిజం. భయం నాకోసమే. నేను చూడలేనిది చూసే కళ్ళు ఆ పిల్లకున్నాయి. అవి నా ల్యాబు దాటి పోకూడదనుకున్నాను. దానికి చదువని పేరు పెట్టుకున్నాను.

డెమోకు ముయె లేదు. కమ్లీ ఒక్కతే నిలబడింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు తెర వైపు ఒకసారి చూసి, 'ఏంది' అంటే ఏ భాష అని నవ్వి, నిర్వచనాలు అడిగాడు. కమ్లీ తడబడింది. మెమరీ గురించి అడిగినప్పుడు, ఆ భాగం నా స్నేహితురాలిది, తను ఊరెళ్ళింది అని చెప్పి ఏడ్చేసింది. మార్కులు ఎలాగో వేశారు. వచ్చే ఏడు ఈ సబ్జెక్టు వేరేవాళ్ళకిస్తున్నామని, ప్రాజెక్టులు ఉండవని హెచ్‌ఓడీ గారు చెప్పారు. నాకు మొదటి సంవత్సరం పిల్లలను ఇచ్చారు. కోపం కూడా రాలేదు.

రాత పరీక్షకు ముయె వచ్చింది. చిక్కిపోయింది. తిన్నగా హాస్టలుకు వెళ్ళి, ఎవరిదో గైడు అడిగి తీసుకుని కూర్చుందట. ల్యాబు వైపు రాలేదు. పరీక్ష హాల్లో నాకే డ్యూటీ పడింది. పేపర్ల మీద సంతకం చేస్తూ దాని బెంచీ దగ్గర ఆగాను. మెమరీలో ఖాళీ చోట్లను ఎలా పంచాలన్న ప్రశ్నకు జవాబు రాస్తోంది. అడిగినదానికి సరిగ్గా పట్టే చోటు వెతికి ఇస్తే వృథా తక్కువ, కాబట్టి అదే ఉత్తమ పద్ధతి అని గైడులో ఉంటుంది. అలా ఇస్తూ పోతే ఎందుకూ పనికిరాని ముక్కలు మిగులుతాయని, ముందు దొరికిన చోటు ఇచ్చేయడమే తన మెషీన్‌కు మేలైందని అక్టోబరులో చింతగింజలతో నాకు చూపించింది ముయె. ఇప్పుడు గైడులో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పోకుండా, హిందీలో రాసింది. దానికి పూర్తి మార్కులు వస్తాయి.

నేను సంతకం చేసేదాకా పెన్ను ఎత్తి ఆగింది. "థ్యాంక్యూ మేడం" అంది.

హాలు చివరిదాకా నడిచి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఏ మాట చెప్పాలో, అసలు చెప్పే హక్కు నాకుందో లేదో తెలియడం లేదు. ఊరికి వెళ్తూ మీ స్టేషన్‌లో దిగుతుంది. చూస్తే ఎలా ఉందో, అంతే, రాయి.

రత్నం

*

స్టేషన్ క్వార్టర్,
జనవరి 8, 2012

చెల్లీ,

ముయె సెలవులు గడిపి ఈ రోజు జగదల్‌పూర్ బండికి వచ్చింది. జోగ సంచీ మోసుకొచ్చి బెంచీ మీద పెట్టి పనికి వెళ్ళిపోయాడు. బండి ఆలస్యం. చలిగా ఉందని గదిలోకి పిలిచి టీ ఇచ్చాను. ఈసారి తాగింది.

నేనే మాట ఎత్తాను. మా చెల్లెలు బాగా నలిగిపోతోందమ్మా, నీకు ఎదురుపడలేకపోతోంది, తప్పు నాది కూడా ఉంది, ఆ కోపం మా ఇద్దరి మీదా ఉంచు గానీ చదువు మీద ఉంచకు అని చెప్పాను. గ్లాసు చేతుల్లో పట్టుకుని కిందికి చూస్తూ కూర్చుంది. అప్పుడు అంది:

"అక్క మీద కోపం కాదు సారు. అమ్మకు జొరమని అక్క ఆ దినమే చెప్పినా, నేను పోయేదాన్నో లేదో నాకు ఎర్క లేదు. అది ఎందుకు ఆగుతాందో దొరికిందాక ఇంకొక్క దినం, ఇంకొక్క దినం అని ఉండేదాన్నేమో. అదే నన్ను తింటాంది. ఆ మెషీన్ ముందట కూసోవాలంటే భయమైతాంది."

బైబిల్లో వాక్యాలు చాలా వచ్చు, ఒక్కటీ నోటికి రాలేదు. ఇంతలో అవతలి స్టేషన్ నుంచి బండి బయల్దేరిందని గంట కొట్టింది. గ్లాసు కడిగి బల్ల మీద బోర్లించి బయటికి వెళ్ళింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. వదిన పరుగున వచ్చి వేరుశనగల పొట్లం చేతిలో పెడితే తీసుకుంది.

ఇది నీకు రాయమని తను చెప్పలేదు, వద్దనీ అనలేదు. ఇది నీకందేసరికి తను హాస్టల్లో ఉంటుంది. నువ్వు వెళ్ళి కలవాలో వద్దో నేను చెప్పలేను.

భూషణం గారు నా వైపే చూస్తూ నిలబడితే, జెండా ఎత్తడం మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చి ఎత్తాను. బండి కదిలింది.

అన్నయ్య